నాలుగు పాదాల చదువు

విద్య నాలుగు పాదాలుగా లభిస్తుందని మన పెద్దలు చెప్పారు. ఆచార్యుని వలన ఒక పాదం, స్వబుద్ధి వలన ఒక పాదం, సహాధ్యాయుల వలన ఒక పాదం, కాలక్రమంలో మిగిలిన పాదం సిద్ధిస్తాయి. ఈ మాట విద్యార్థులకే కాదు, ఉద్యోగంలో చేరిన తరువాత కూడా నేర్చుకుంటూ ఉండవలసిన ఉపాధ్యాయునికీ వర్తిస్తుంది. ఇంటి వద్దనే కూర్చుండి తెరపై శిక్షణ పొందే ఈ కాలంలో ఆ నాలుగు పాదాలు ఏమయ్యాయన్నది ఆలోచింపదగిన విషయం.

ఉపాధ్యాయులకు దూరం నుండి శిక్షణ ఇవ్వాలన్న తలంపు కొత్తది కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు చేరాయి. ఆ ఏడాదిలోనే దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు విజ్ఞానశాస్త్ర బోధనలో తర్ఫీదు పొందారు. విద్య కోసమే రూపొందించిన ‘ఎడ్యుశాట్’ 2004లో శ్రీహరికోట నుండి నింగికెగసింది. 2017లో ‘స్వయం’, ‘దీక్ష’ వేదికలు వెలిశాయి. 2020లో కరోనా వలన విద్యాలయాలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ శిక్షణ ఒక్కటే మార్గమైంది.

ఆ రోజులలో నేనూ ఒక పునశ్చరణ తరగతిలో చేరాను. పండితుని ఉపన్యాసాన్ని మధ్యలో ఆపి, నిఘంటువు చూచుకొని, మరల వినగలగడం గొప్ప సౌకర్యం. ఏ గురుకులంలోనూ గురువుచేత ఒకే మాటను నాలుగుసార్లు చెప్పించుకొనే చనువు శిష్యునికి ఉండి ఉండదు. పసిబిడ్డ తల్లియైన మా సహాధ్యాపకురాలు ఇంటిపని ముగించుకొని రాత్రి పది దాటిన తరువాత పాఠం వినేది. ఊరు విడిచి వెళ్ళవలసి వస్తే ఆమెకు ఆ శిక్షణ అందేదే కాదు. మన్యంలో పనిచేసే మిత్రుడొకడు మాత్రం సిగ్నల్ కోసం రోజూ గుట్ట ఎక్కేవాడు. ఒకరికి తగ్గిన దూరం మరొకరికి గుట్టంత పెరిగింది.

ఆ తరగతిలోనే మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త పరిశోధన గురించి విన్నాను. ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే విద్యార్థుల సమాధానాలు మరింత విపులంగా, సహేతుకంగా ఉంటాయనీ ఆమె గమనించారు. వినడానికి ఇది చిన్న సంగతే. కళాశాల తెరిచిన తరువాత శకుంతలోపాఖ్యానం చెబుతూ, “నిండు సభలో రాజు ఎదుట శకుంతల అంత ధైర్యంగా ఎలా మాట్లాడగలిగింది?” అని అడిగి ఊరకున్నాను. తరగతిలో మూడు సెకన్ల మౌనం చాలా దీర్ఘంగా తోస్తుంది. అంతకుముందు నోరు విప్పని ఒక అమ్మాయి చివరి బల్ల నుండి లేచి, “ఆమె తన కోసం మాట్లాడలేదు సార్, బిడ్డ కోసం మాట్లాడింది. అందుకే భయం వేయలేదు” అన్నది. వ్యాఖ్యానాలు చదివిన నాకు ఆ సమాధానం కొత్త వెలుగునిచ్చింది.

అయితే తెర ముందు ఎవరికి వారే ఒంటరి. పాఠాన్ని దానిమానాన నడవనిచ్చి వేరొక పని చూచుకొన్నా ధ్రువపత్రం చేతికందుతుంది. ఈ లోటు తీర్చుకోవడానికి మేము ఐదుగురం ప్రతి శనివారం ఫోనులో మాట్లాడుకొనేవాళ్ళం. నా అనుభవం విని మన్యపు మిత్రుడు, “మా పిల్లలకు మూడు సెకన్లు చాలవు. ప్రశ్నను ముందు తమ ఇంటి భాషలోకి తెచ్చుకోవాలి, జవాబును మళ్ళీ తెలుగులోకి మార్చుకోవాలి” అన్నాడు. ఏ ఉపన్యాసంలోనూ వినని ఆ మాట ఎంతో విలువైనది. ఎవరి మౌనం వెనుక ఎంత శ్రమ ఉన్నదో పక్కన ఉండి చూచినవారే చెప్పగలరు.

తెర ఇచ్చేది మొదటి పాదం. రెండవది మన ఆలోచనలో, మూడవది తోటివారి సాంగత్యంలో దొరుకుతాయి. నేటి విద్యార్థులు రేపు ఏ వృత్తిలో ఉన్నా ఈ విధంగానే చదువు కొనసాగించవలసి ఉంటుంది. విన్నదానిని తమ పనిలో పరీక్షించి చూడడం, తోటివారితో చర్చించడం వారు ఇప్పటినుండే అలవరచుకోవాలి. ధ్రువపత్రం మీద ముగింపు తేదీ ఉంటుంది. కాలం నేర్పే నాలుగవ పాదానికి మాత్రం అటువంటి తేదీ లేదు.