నిండినా ఎండినా చెరువే

స్కాట్లాండులో సరస్సును లాఖ్ అంటారు. అక్కడి ప్రసిద్ధ సరస్సులు చాలావరకు హిమానీనదాలు తొలిచిన లోయలలో నిలిచిన నీళ్ళు. లాఖ్ నెస్ లోతు సుమారు 230 మీటర్లు. ఆ ఒడ్డున తీసిన ఛాయాచిత్రాలలో పొగమంచు, కొండలు, నిశ్చల జలం కనిపిస్తాయి. మనిషి జాడ సాధారణంగా ఉండదు. చూసినప్పుడల్లా ముచ్చట వేస్తుంది. కానీ ఆ చూపునే అరువు తెచ్చుకుని బుక్కపట్నం చెరువు ముందు నిలబడితే, తీసిన బొమ్మ అబద్ధమాడుతుందని నా నమ్మకం.

ఈ చెరువు ప్రకృతి ప్రసాదం కాదు, మనిషి కష్టం. చిక్కబళ్ళాపురం ప్రాంతంలో పుట్టిన చిత్రావతి, పుట్టపర్తి దాటి వచ్చాక ఇక్కడి కట్టకు ఆగుతుంది. పద్నాలుగవ శతాబ్దంలో బుక్కరాయలు కట్టించాడని, ఊరికి ఆయన పేరే నిలిచిందని చెబుతారు. ఆయన కుమారుడు భాస్కరుడు కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. చెరువుకుండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. నీరు తక్కువై, తడపవలసిన నేల ఎక్కువ కావడం ఆ దోషాలలో ఒకటి. వానలు కరువైన మా సీమలో ఆ మాట చదివితే గుండె కలుక్కుమంటుంది.

చెరువు నిండిన ఏడు కెమేరాకు పండుగే. తుమ్మ కొమ్మ మీద రెక్కలారబెట్టుకునే నీటికాకి, మునిగి మరోచోట తేలే బుడబుంగ, గేదెల కాళ్ళ వెంట పురుగులేరుకునే తెల్లకొంగలు. "ఆ గేదెలను కత్తిరించెయ్, చిత్రం అంతర్జాతీయంగా ఉంటుంది" అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను వినలేదు. గేదె కదిలితేనే పురుగు లేస్తుంది, పురుగు లేస్తేనే కొంగకు కూడు. దానిని తీసేస్తే కొంగ అక్కడెందుకుందో చెప్పేదెవరు?

ఎండిన ఏడు కూడా వెళతాను. ఒక వేసవిలో గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. "మరవ పోయేటప్పుడు రా సామీ! ఎండిన చెర్లో ఏముండాదని తీస్తావు?" ఉన్నదేమిటంటే, నెర్రెలు విచ్చిన మట్టి, నీళ్ళు లేక బయటపడిన తూము, తలపై అరుస్తూ తిరిగే తీతువు పిట్ట. అది గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య రాళ్ళవంటి గుడ్లే పెడుతుంది. అది అరిచిందంటే మనం వెనక్కి తగ్గాలి. అక్కడ నేను కెమేరా తీయను.

ఈ నిగ్రహం చిలమత్తూరు మండలంలోని వీరాపురం వాళ్ళను చూస్తే బాగా అర్థమవుతుంది. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద పిల్లలను పెంచుతాయి. వాటి రాక శుభమని ఊరివాళ్ళు హాని తలపెట్టరు. మండుటెండలో తల్లి రెక్కలు చాచి పిల్లలకు నీడ పడుతుంది. మన తొందరకు అది లేచిపోతే ఆ నీడ పోతుంది. చుట్టుపక్కల చెరువులలో నీళ్ళుంటేనే వాటికి చేపలు.

కాబట్టి నా దృష్టిలో ఇక్కడి వన్యప్రాణి చిత్రమంటే కట్ట, తూము, గేదె, మనిషి అన్నీ ఉన్న చిత్రమే. నిండిన బొమ్మ పక్కన ఎండిన బొమ్మ కూడా పెడితేనే, కట్ట విలువ రేపటివాళ్ళకు తెలుస్తుంది. మీ ఊరి చెరువును కూడా రెండు కాలాలలోనూ ఒకసారి తీసి చూడండి.