తునాతునకలు

ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు పాఠం చెబుతుంటే 'స్మిదరీన్స్' అనే మాట వచ్చింది. గాజు గ్లాసు కిందపడి స్మిదరీన్స్ అయిందట. పిల్లలు ఆ మాటను రెండు మూడుసార్లు పలికి నవ్వుకున్నారు. 'తునాతునకలు' అని బోర్డు మీద అర్థం రాశాం. వెనక వరసలోని ఒక పాప తన ఇంటి భాషలో దానికి ఏదో మాట చెప్పింది. మాది వేరే తెగ, ఆ భాష మాకు రాదు. "తెలుగులో చెప్పమ్మా" అన్నాం. పాప కూర్చుంది. ఆ గంటలో మళ్లీ నోరు తెరవలేదు.

రాత్రి నిఘంటువు తిరగేశాం. ముక్కలకు ఇంగ్లీషులోనూ రకరకాల పేర్లున్నాయి. కుండో గాజో పగిలితే షార్డ్, కర్ర చీలితే స్ప్లింటర్, రొట్టె నుంచి రాలితే క్రంబ్. మనకూ అంతే కదా! కుండ పగిలితే పెంకు, వెదురు చీలిస్తే బద్ద, వడ్లు దంచితే నూక. క్రంబ్ చివర పలకని 'బి' ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు 'బి' లేనే లేదు, తర్వాత చేరింది.

స్మిదరీన్స్ మాత్రం ఐర్లండ్ వాళ్ల సొంత భాష ఐరిష్ నుంచి వచ్చిందంటారు. 'స్మిదర్' అంటే ముక్క. చివర 'ఈన్' చేరిస్తే బుల్లి ముక్క.

ఆ భాష కథ చదివాక నిద్ర పట్టలేదు. 1831లో అక్కడ ప్రభుత్వం నేషనల్ స్కూళ్లు పెట్టింది. చదువంతా ఇంగ్లీషులోనే. ఆ కాలంలో చాలాచోట్ల పిల్లల మెడలో కర్ర ముక్క కట్టేవారు. ఐరిష్ మాట్లాడినప్పుడల్లా దాని మీద ఒక గాటు. చివరికి గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. పిల్లలు బాగుపడతారని తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారు. 1845లో మొదలైన మహా కరువులో ఐరిష్ మాట్లాడే పల్లెలే ఎక్కువగా ఖాళీ అయ్యాయి. భాష కుంగిపోయింది. దాని తునక ఒకటి ఇంగ్లీషు నిఘంటువులో మిగిలి, మా బడిదాకా వచ్చింది.

మేము ఎవరి మెడలోనూ కర్ర కట్టలేదు. "తెలుగులో చెప్పమ్మా" అన్నాం, అంతే. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో మాకూ ఎవరూ కర్ర కట్టలేదు. అయినా అమ్మ నేర్పిన మాటలు ఎన్నో అక్కడే మింగేశాం. ఇంగ్లీషు, తెలుగు రెండూ మన పిల్లలకు కావాలి. వాటి కోసం ఇంటి మాటను బయట వదిలి రావాలని ఏ పిల్లకూ అనిపించకూడదు.

మరునాడు పాపను పిలిచి ఆ మాట ఏమిటని అడిగాం. "ఏం లేదు సార్" అంది.

అప్పటి నుంచి తరగతిలో ఒక నోటు పుస్తకం పెట్టాం. కొత్త ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా పక్కన తెలుగు, ఆ పక్కన పిల్లల ఇళ్లలోని మాటలు. రాసేది పిల్లలే. దీర్ఘం ఉందా లేదా అని వాదించుకుంటారు, ఇంటికి వెళ్లి అవ్వను అడిగి వస్తారు. మాకు తెలియని మాటలు వాళ్ల దగ్గరే నేర్చుకుంటున్నాం.

మొదటి పేజీలో స్మిదరీన్స్ ఉంది, పక్కన తునాతునకలు. దాని పక్క గడి ఆ పాప కోసం ఖాళీగా ఉంచాం. ఇంకా రాయలేదు. మేము తొందరపెట్టడం లేదు.