ఈతరెక్కలు

మేము చిత్తూరు జిల్లా కపిలబావులలో నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చినవారము. పాదాలకు రెక్కలు తొడుగుకోవడం ఎరుగము. మా మనుమరాలు తిరుపతి నుండి విశాఖకు వెళ్ళి, ఋషికొండ తీరాన స్కూబా డైవింగు నేర్వబూనిన నాటి నుండి మా ఇంట 'ఫిన్స్' ప్రసక్తే. (చేపకుండే దానిని పాఠ్యపుస్తకాలు వాజమన్నాయి. మనిషికి 'ఈతరెక్క' అంటే చాలదా?)

రెక్క ఎంత పొడవైతే అంత మేలని ఆమె నమ్మకం. నాకది సమ్మతం కాదు. పొడవైన, బిరుసైన రెక్కను కదిల్చవలసినవి కాళ్ళే కదా! బావిలో పిక్క పట్టేస్తే రెండు బారలలో మెట్టు చేతికందేది. సముద్రంలో మెట్టేదీ?

పాదమంతా కప్పే రకాన్ని వట్టికాళ్ళకు తొడుగుతారు; తేలిక, వెచ్చని నీటికి చాలు. మడమ వద్ద తెరచి ఉండి పట్టీతో బిగించే రకానికి లోపల బూటు కావాలి. రాళ్ళ మీదుగా నీటిలో దిగేవారికి అదే నయం. అయితే ఆ బూటు వేసుకునే కొలత చూడాలి. బిగువైతే తిమ్మిరి, వదులైతే బొబ్బలు.

కొత్తవారికి మరీ బిరుసు కాని పొట్టి రెక్కలు చాలుననీ, ముందు అద్దెవి వాడి చూడమనీ, మోకాలితో కాక తుంటి నుండి తన్నమనీ చెప్పాను.

"తాతా, నువ్వెప్పుడైనా సముద్రంలో మునిగినావా?" అన్నది.

లేదు. అయినా అద్దెకు ఒప్పుకున్నది. రంగు మాత్రం పసుపే కావాలట.