రొమ్ము స్కాన్‌కు వెళ్లిన వారం

చివర్లో ఏమైందో ముందే చెప్పేస్తాను. నాకు క్యాన్సర్ లేదు. ఇది చదివేవాళ్లలో రేపో ఎల్లుండో స్కాన్‌కు వెళ్లాల్సినవాళ్లు ఉంటారు. వాళ్లను చివరిదాకా ఊపిరి బిగబట్టించడం నాకు ఇష్టం లేదు.

ఆదివారం తలస్నానం చేస్తుంటే కుడి రొమ్ములో, చంక వైపు, చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు. వేలితో నొక్కితే పక్కకు జరిగింది. నాకు నలభై రెండేళ్లు. మా మేనత్త రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. నొప్పి లేదు కదా అనే ఆమె మొదట్లో ఊరుకుందని ఇంట్లో ఎప్పుడూ అనుకునేవాళ్లం. నల్లా కట్టేసి అక్కడే నిలబడిపోయాను. బయటి నుంచి మా ఆయన చాయ్ అడుగుతున్నాడు. వెళ్లి పెట్టాను. ఆయనకు చెప్పలేదు. ఇరవై ఏళ్ల కాపురం, అయినా రొమ్ము అనే మాట ఆయన ముందు అనడానికి సిగ్గేసింది.

రాత్రి మా తోడికోడలికి చెప్పాను. ఆమె ఏడవలేదు, ఏం కాదులే అని కూడా అనలేదు. "పొద్దున నేనొస్తా అక్కా, నాంపల్లి పోదాం" అంది. ఆబిడ్స్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది. అయినా పెట్టింది.

సోమవారం సర్జన్ చేత్తో చూసి మామోగ్రాం, అల్ట్రాసౌండ్ రెండూ రాశారు. ముప్పై లోపు వాళ్లకైతే సాధారణంగా ముందు అల్ట్రాసౌండే చేస్తారట. నలభై దాటినవాళ్లకు రెండూ కావాలి. సున్నపు చుక్కల్లాంటివి మామోగ్రాంలో బాగా కనిపిస్తాయి. గడ్డ గట్టిదా, లోపల నీరుందా అన్నది అల్ట్రాసౌండ్ చెబుతుంది. మామోగ్రాం సంగతి ఎక్కువ చెప్పను. రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు. కాసేపు నొప్పి పుడుతుంది, అయిపోతుంది.

మంగళవారం అల్ట్రాసౌండ్. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే దారిలో, ఒక సందులో ఉంది ఆ సెంటర్. గోడ మీద 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు. కుర్చీల నిండా గర్భిణులు, చేతుల్లో నీళ్ల సీసాలు. కడుపు స్కాన్‌కు మూత్రాశయం నిండాలి కాబట్టి తాగుతున్నారు. వాళ్లను చూసి నేనూ గబగబా తాగబోయాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఆపింది. రొమ్ము స్కాన్‌కు నీళ్లు తాగనక్కర్లేదు, పరగడుపున ఉండనక్కర్లేదు. నేను చీరలో వెళ్లాను. చుడీదారైతే పైది ఒక్కటి తీస్తే సరిపోతుంది.

చేసేది మగ డాక్టరని తెలిసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అడగడానికి నోరు రాలేదు. తోడికోడలే వెళ్లి అడిగింది. సాయంత్రం లేడీ డాక్టర్ వస్తారన్నారు. ఉండిపోయాం. అడగొచ్చు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మగ డాక్టరే ఉంటే, గదిలో ఒక ఆడమనిషి తోడుండాలని కూడా అడగొచ్చు.

లోపల చీకటి, ఏసీ చలి. ఆయమ్మ ముందు వైపు తెరుచుకునే గౌను ఇచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టి, కుడి భుజం కింద దిండు పెట్టి, చెయ్యి తల వెనక్కి పెట్టుకోమంది. జెల్ చల్లగా తగిలింది. డాక్టరమ్మ ప్రోబ్‌ను గట్టిగానే ఆనించి, వరుసగా చుట్టూ తిప్పుకుంటూ వచ్చారు. నొక్కుతున్నట్టు ఉంటుంది, నొప్పి ఉండదు. అది శబ్ద తరంగాలతో చేసేది, రేడియేషన్ ఉండదు.

గడ్డ దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది. తెర మీద బూడిద రంగులో నల్లటి మచ్చ. దానికి అటూ ఇటూ గుర్తులు పెట్టి, మధ్యలో చుక్కల గీత గీస్తున్నారు. బటన్ చప్పుడు తప్ప మాట లేదు. తర్వాత మచ్చ పక్కన ఎరుపు, నీలం మెరిశాయి. ఎరుపు చూడగానే నా పని అయిపోయిందనుకున్నాను. అవి రక్తం ఏ వైపు పారుతోందో చూపే రంగులు మాత్రమేనని తర్వాత తెలిసింది. ఎరుపంటే చెడు అని కాదు. "ఏముంది మేడమ్?" అన్నాను. గొంతు సరిగా రాలేదు. "కొలతలు తీసుకుంటున్నానమ్మా, ఊపిరి మామూలుగా తీసుకోండి" అన్నారు. ఆ తర్వాత చంకలో చూశారు, రెండో రొమ్మూ చూశారు. మామూలుగా అలాగే చూస్తారు. అది తెలియక, ఇంకా ఏదో దొరికిందని వణికిపోయాను. ఆయమ్మ నా పాదం మీద చెయ్యి వేసి, అయిపోయేదాకా తియ్యలేదు. ఆమెకు రుణపడి ఉన్నాను.

అంతా కలిపి అరగంట పట్టి ఉండదు. జెల్ తుడుచుకోవడానికి టిష్యూలు ఇచ్చారు. రిపోర్టు కవరులో పెట్టి కౌంటర్ దగ్గర చేతికిచ్చారు. ఒక్క మాట చెప్పలేదు. ఆబిడ్స్ జీపీఓ దగ్గర ఫుట్‌పాత్ మీదే చింపి చూశాను. బైరాడ్స్ 4ఎ అని ఉంది. ఫోన్‌లో వెతికితే నాలుగు అంటే అనుమానించదగ్గది అని వచ్చింది. కళ్లు తిరిగాయి. మెట్ల మీద కూలబడ్డాను. ఆ నాలుగు స్టేజి కాదు. స్కాన్‌లో కనిపించినదానికి వేసే అంకె, 0 నుంచి 6 దాకా ఉంటుంది. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 లోపే. 4ఎ అంటే 2 నుంచి 10. అంటే నూటికి కనీసం తొంభై మందికి క్యాన్సర్ ఉండదు. ఇది సర్జన్ బుధవారం చెప్పారు. ఆ రాత్రి మాత్రం నాకు ఆ అంకె ఒక్కటే తెలుసు. ఆటో రెడ్‌హిల్స్ వైపు తిరిగితే కళ్లు మూసుకున్నాను. మేనత్తను చూపించింది అక్కడి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనే. ఎందరినో బాగుచేసి పంపిన ఆసుపత్రి అది. నాకు మాత్రం ఆ గేటు ముందు కూర్చున్న మేనత్తే గుర్తొచ్చింది.

ఆ రాత్రే మా ఆయనకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి నా ఫైలు తీసుకుని, కాగితాలన్నీ తేదీల ప్రకారం సర్దాడు. ఆ తర్వాత ప్రతిసారీ ఆ ఫైలు ఆయన చేతిలోనే ఉంది.

గురువారం సూది పరీక్ష. అదీ అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే చేస్తారు. మత్తు సూది చురుక్కుమంది. ఆపైన నొప్పి తెలియలేదు. ముక్క తీసేటప్పుడు స్టాప్లర్ కొట్టినట్టు చప్పుడవుతుందని డాక్టర్ ముందే ఒకసారి వినిపించారు. వినిపించకపోతే ఎగిరిపడేదాన్ని. తర్వాత కాసేపు గట్టిగా అదిమిపట్టారు. కొన్నాళ్లు చుట్టూ కమిలి నల్లగా ఉంది. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి.

రిపోర్టు కోసం ఆగిన రోజుల్లో నేను వంట చెయ్యలేదు. చెయ్యలేకపోయాను. ఆ రోజుల్లో క్యారేజీ కట్టి పంపింది మా అత్తమ్మ. ఒక్క ప్రశ్న అడగలేదు.

తర్వాతి వారం రిపోర్టు వచ్చింది. ఫైబ్రోఅడినోమా, క్యాన్సర్ కాని గడ్డ. ఇప్పుడే తీయనక్కర్లేదు, ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేసి పెరిగిందేమో చూద్దామన్నారు. ఆ స్కాన్ వచ్చే నెల. పాత ఫిల్ములు, రిపోర్టు వెంట తెమ్మన్నారు, పక్కపక్కన పెట్టి చూడడానికి. లేడీ డాక్టర్ ఉండే పూటకే టైం తీసుకున్నాను. ఈసారి ఫోన్ చేసి నేనే అడిగాను. స్నానం చేసేటప్పుడు ఇప్పటికీ చెయ్యి అటే పోతుంది.