జానెడు దూరము

బొమ్మల సైన్యములతో బల్లమీద యుద్ధము సాగించు క్రీడను గూర్చి ఈ సంచికలో వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. నాలుగు తరములుగా షోలాపురములో నిలిచిన మా కుటుంబమునకు ఆ క్రీడతో పరిచయము 2004వ సంవత్సరపు వేసవిలో కలిగినది. పుణెలో చదువుచుండిన మా తమ్ముని కుమారుడు సెలవులకు వచ్చుచు రెండు పెట్టెల నిండ బొమ్మలను తెచ్చెను. వార్‌హామర్ అను ఆ క్రీడ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌ నుండి వచ్చినది. వాని చేతనున్న నియమగ్రంథము 2000లో వెలువడిన ఆరవ కూర్పు.

అందు మమ్మాకర్షించినది ఫిరంగి నియమము. కత్తివీరులకు, విలుకాండ్రకు దెబ్బ తగులుట పాచికల చలువ. ఫిరంగికి ఆటగాని కన్ను కావలెను. కనబడుచున్న శత్రువు వైపు దానిని త్రిప్పి, కొలబద్ద ముట్టకయే, గుండు ఇన్ని అంగుళములు పోవునని పైకి చెప్పవలెను. పిమ్మట ఒక ప్రత్యేకమైన పాచికను వేయుదురు. దాని అయిదు ముఖములపై 2, 4, 6, 8, 10 అను అంకెలును, ఆరవదానిపై గుండు పేలలేదను గుర్తును ఉండును. పడిన అంకెను చెప్పిన దూరమునకు కలిపి కొలిచినచోట గుండు నేల తాకును. మరల పాచిక వేసి, అది యెంత దూరము ఎగిరి పోవునో చూతురు; ఆ దారిలో నిలిచినవారికెల్ల దెబ్బ. కావున శత్రువు 20 అంగుళముల దూరమున నున్నప్పుడు 20 అనువాడు అమాయకుడు. 12 లేక 14 అనువాడు గడుసరి.

మా మేనమామగారు నలువది యేండ్లు బట్టల కొట్టులో కూర్చున్నవారు. గజము బద్ద చెంతనే యున్నను దాని నక్కరగొనక, పరచిన గుడ్డ యెన్ని గజములో చూపుతోనే చెప్పగలిగెడివారు. పిల్లలు వారిని ఆటలోనికి లాగిరి. మొదటి దినముననే వారి ఫిరంగి ఎదుటి గుఱ్ఱపుదళమును సగము తుడిచివేసినది. మూడవ దినమున మా తమ్ముని కుమారుడు లేచి నిలిచి, "తాతయ్యా, మీరు కొలుస్తున్నారు. ఇది మోసం!" అనెను.

కొలుచుట నిజమే. మామగారు మాటలాడుచునే అరచేతిని బల్లపై పరచి, బొటనవ్రేలి నుండి చిటికెనవ్రేలికి జానలు జరుపుచుండిరి. జాన యనగా దాదాపు 9 అంగుళములు. చేయి ఆ పని చేయుచున్నట్లు వారికే తెలియదు.

నియమగ్రంథములోని ఆంగ్లపదమునకు అర్థమేమని వాదము పుట్టినది. అది 'ఊహ' గనుక చేతి సాయము కూడదని మా తమ్ముని కుమారుడు. 'అంచనా' గనుక దేనినైనను ఆధారము చేసికొనవచ్చునని మా అక్క కుమారుడు. పిల్లలు తమలో తాము మరాఠీలో మాటలాడుకొనువారగుటచే 'అందాజ్' అను మాటయు వచ్చినది. అది మన యిండ్లలో అందాజుగా నున్నదే. అందాజుగా ఉప్పు వేయు ఇల్లాలు చేతితోనే గదా వేయును!

తీర్పు చెప్పుట మా వంతైనది. ఇట్టి క్రీడల చరిత్ర మేము కొంత చదివియుంటిమి. ప్రష్యా సైన్యమునకై రైస్‌విట్జ్ 1824లో కూర్చిన యుద్ధక్రీడలో పాచికలును, పట్టికలును, మధ్యవర్తియు కలరు. 1876లో వెర్డీ దు వెర్నువా అను ప్రష్యా సైన్యాధికారి ఆ పట్టికలను ప్రక్కకు నెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి మాటయే చాలుననెను. హెచ్. జి. వెల్స్ 1913లో ప్రకటించిన 'లిటిల్ వార్స్'లో ఈ చిక్కే లేదు. స్ప్రింగు ఫిరంగి నుండి కొయ్యగుండు నిజముగా ఎగిరి బొమ్మను పడగొట్టవలెను. ఆ యాటయే మా యింటికి వచ్చియున్నచో ఎంత బాగుండెడిది!

మేము నియమము పక్షము వహించి, జానయు కొలతయే యని చెప్పితిమి. ఆ తీర్పు సరియైనదే యని నేటికిని మా నమ్మకము. కాని 'మోసము' అను మాటను మేము అక్కడనే వదలివేసితిమి. తెలియక చేసినది మోసము కాదని ముందుగా అనవలసినవారము మేమే. మమ్ము చిన్ననాడు కొట్టులో ప్రక్కన కూర్చుండబెట్టుకొని లెక్కలు నేర్పినది వారు. కొలత తప్పెనని పేటలో ఎవరిచేతను అనిపించుకొనని మనిషిని మా యింటి పిల్లవాడు మా యెదుటనే అనెను. మేము పుస్తకము తిరుగవేయుచుంటిమి. మామగారేమియు అనలేదు. ఆ రాత్రి మజ్జిగ మాత్రము పుచ్చుకొని పరుండిరి.

మరునాటి ఉదయము ఆ పిల్లవాడే వెళ్ళి, "తాతయ్యా, మీ ఫిరంగి ఇంకా మిగిలే ఉంది, రండి" అని పిలిచెను. మాకు పిలుచుటకు నోరు రాలేదు. మామగారు వచ్చి, బల్లకు గజము దూరమున నిలిచి, రెండు చేతులను వెనుకకు కట్టుకొనిరి. చాలసేపు చూచి "పద్నాలుగు" అనిరి. పాచికపై పేలలేదను గుర్తు పడినది. అందరును నవ్విరి, మామగారితో సహా. చేతులు మాత్రము ఆట ముగియువరకు ముందుకు రాలేదు.

2010లో వెలువడిన ఎనిమిదవ కూర్పులో ఈ ఊహను తీసివేసిరి, ఎప్పుడైనను కొలుచుకొనవచ్చును. మా తమ్ముని కుమారుడు ఫోనులో ఈ వార్త చెప్పి, తాతయ్యకు తెలుపుమనెను. అప్పటికి మామగారికి చూపు మందగించియుండెను. మేము చెప్పినదంతయు విని, "మరి అందులో ఆటేముందిరా?" అనిరి.