నేను వేసిన పంక్చర్

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళాను. నాన్న సైకిల్ వెనక చక్రంలో గాలి లేదు. తెల్లారితే సంత. "నేనేస్తాలే నాన్నా" అన్నాను. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ బకెట్లో ముంచాను. బుడగలొచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, కాస్త ఆరాక ప్యాచ్ అంటించాను. గాలి నిలిచింది. గొప్పగా అనిపించింది.

పొద్దున్నే నాన్న కందుల బస్తాతో బయల్దేరాడు. సగం దారిలో మళ్ళీ గాలి పోయిందట. నెట్టుకుంటూ వెళ్ళేసరికి సంత విడిపోతోంది. షావుకారు చెప్పిందే ధర.

సాయంత్రం నాన్న నన్ను తిట్టలేదు. నా వేలు పట్టుకుని టైరు లోపల తడిమించాడు. తుమ్మముల్లు అక్కడే ఉంది! నేను కన్నం మూశాను గానీ ముల్లు తియ్యలేదు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ట్యూబ్‌లెస్ టైర్లలో పోసే పాలలాంటి మందు చిన్న కన్నాల్ని తనే పూడుస్తుంది. మా సైకిల్‌కి ఆ సుఖం లేదు. మిత్రులారా, ప్యాచ్ వేసే ముందు ముల్లు వెతకండి.

– 9వ తరగతి విద్యార్థి