సూరత్ వంతెనల మీద ఆటోమేటిక్ కారు

సూరత్‌ను వంతెనల నగరమని చెప్పుకోవడం ఆ ఊరివారికి ముచ్చట. తాపీ నదిమీద కొన్ని, రైలు పట్టాలమీద కొన్ని, కాలువలమీద కొన్ని, రద్దీ కూడళ్లమీద మరికొన్ని కలిసి వాటి సంఖ్య నూరు దాటింది. ఉద్యోగరీత్యా హజీరాకు బదిలీపై వచ్చినవారికి వారానికి ఒకసారైనా నగర ప్రయాణం తప్పదు. మోరా, కవాస్, ఇచ్ఛాపూర్ దాటి, అడాజణ్ మీదుగా సర్దార్ వంతెన ఎక్కి దిగితే అఠ్వా. అక్కడినుండి మజూరా గేటు, రింగురోడ్డు. ఈ దారిలో కొండ లేదు, గుట్ట లేదు. అరచేయిలా పరచుకొన్న నేల. అయినా కారు మాత్రం ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది. ఇంధన పొదుపు గురించి నాకు తెలుసుననుకొన్నది ఎంత పొరపాటో ఈ ఎక్కుడుదిగుడులే నాకు తెలియజేశాయి.

మోకాలి నొప్పి ముదిరి, ఎడమకాలితో క్లచ్ తొక్కరాదని వైద్యులు చెప్పినందున ఆటోమేటిక్ గేరుబాక్సు గల కారు కొన్నాను. ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగేస్తుందని కాలనీ మిత్రులు ముందే హెచ్చరించారు. మొదటి మూడు ట్యాంకుల లెక్కలో లీటరుకు 11 కిలోమీటర్లు మించలేదు. వారి మాటే నిజమైంది కదా అనుకొని, కార్బ్యురేటరు కాలంలో నేర్చిన పాత కిటుకును ప్రయోగించసాగాను. వంతెన శిఖరం చేరగానే న్యూట్రల్ చేసి, దిగువదాకా కారును దొర్లనివ్వడమే ఆ కిటుకు.

ఒక సాయంకాలం అలాగే దిగుతుండగా, వంతెన పాదం దగ్గర బట్టల మూటలతో ఒక టెంపో పక్కసందునుండి అడ్డంగా వచ్చింది. వెనుక బస్సు దగ్గరగా వస్తున్నందున గట్టిగా బ్రేకు వేయడానికి జంకి, ముందుకు తప్పించుకొందామని యాక్సిలరేటరు తొక్కాను. ఇంజను గర్జించిందే గాని కారు కదలలేదు. గేరు న్యూట్రల్‌లో ఉన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు లేదు. టెంపోవాడే చాకచక్యంగా పక్కకు తిప్పుకొన్నాడు. పక్కన కూర్చున్న నా శ్రీమతి ఇల్లు చేరేవరకూ పెదవి విప్పలేదు.

ఆ తరువాత కొన్నాళ్లకు మా బంధువుల ఇంట పెళ్లికి చీరలు కొనడానికి రింగురోడ్డు మార్కెట్లకు వెళ్లాము. దుకాణాలు తిరిగేసరికి మోకాలు సహకరించడం మానివేసింది. కారు నడపలేని స్థితి చూసి, ఆ దుకాణదారు తన డ్రైవరును మాకు తోడు పంపాడు. స్టీరింగు ముందు కూర్చోగానే అతడు తెలుగులో పలకరించాడు! సూరత్‌లో ఇది వింత కాదు. లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు వేలసంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడ నడుపుతున్నది. ఇతడి తండ్రి కరీంనగర్ వైపునుండి వచ్చిన నేతపనివాడట. ఇతడు పుట్టింది సూరత్‌లోనే.

హజీరా చేరేలోగా అతడు గట్టిగా బ్రేకు తొక్కడం నేను చూడలేదు. బయలుదేరేటప్పుడు మెల్లగా మొదలుపెట్టి, వేగం నలభై చేరుకోగానే పాదాన్ని రవ్వంత పైకెత్తేవాడు. వెంటనే గేరుబాక్సు పైగేరుకు మారేది. సర్దార్ వంతెన దిగేటప్పుడు నా కిటుకు అతనికి చెప్పకుండా ఉండలేకపోయాను.

“న్యూట్రల్ చెయ్యరాదా బాబూ?”

“వద్దు సార్. గేర్ల ఉంటెనే పెట్రోల్ బందయితది. న్యూట్రల్ చేస్తె ఇంజన్ మల్ల తాగుడు షురూ చేస్తది.”

“నీకెవరు చెప్పారు?”

“మీటర్ల కనవడ్తది గద సార్.”

నిజమే. అప్పటికప్పుడు ఎంత ఇంధనం ఖర్చవుతున్నదో చూపే గీత మీటరు పలకమీద మొదటినుండీ ఉన్నది. ముప్పై ఏళ్లుగా కంట్రోలు రూములో మీటర్లు చదివిన నేను ఇంట్లోని మీటరును చూడనే లేదు.

మరునాటినుండి పరిశీలించాను. ఇప్పటి ఇంజనులో పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్ముతుంది. గేరులో ఉండగా యాక్సిలరేటరు పూర్తిగా వదిలితే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి గనుక, ఆ కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపివేస్తుంది. ఇంజను వేగం బాగా పడిపోయినపుడు మాత్రమే మళ్లీ అందిస్తుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు కావలసిందే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. గేరులో ఉన్న కారు ఇంజను ఒరిపిడికి త్వరగా నెమ్మదిస్తుంది. న్యూట్రల్‌లోనిది ఎక్కువ దూరం దొర్లుతుంది. ముందు దారి ఖాళీగా మైళ్లకొద్దీ ఉంటే లెక్క వేరు. దిగువన ఎలాగూ బ్రేకు వేయవలసిన సూరత్ వంతెనలమీద మాత్రం ఆ దొర్లుడంతా బ్రేకు దిమ్మెల వేడిగా పోవలసిందే.

ఆటోమేటిక్‌లో అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో కూడ చెప్పాలి. నా కారులో క్లచ్ పలకకు బదులు టార్క్ కన్వర్టరు ఉన్నది. రెండు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని తిప్పితే ఆ గాలికి రెండవది కూడ తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె. ఈ సూత్రానికి జర్మన్ ఇంజనీరు ఫోటింగర్ 1905లో పేటెంటు పొందింది కార్లకోసం కాదు, ఓడలకోసం. రెండవ ఫ్యాను మొదటిదానికన్నా ఎప్పుడూ కొంత వెనుకబడే ఉంటుంది. ఆ తేడా అంతా నూనెలో వేడిగా మారుతుంది. అందుకే వేగం కుదురుకొన్నాక రెంటినీ కలిపి బిగించే లాకప్ క్లచ్‌ను అమర్చారు. పాదం నిలకడగా ఉంటే అది బిగిసే ఉంటుంది. మాటిమాటికీ తొక్కుతూ వదులుతూ ఉంటే అది విడిపోయి, మళ్లీ నూనె చిలకడం మొదలవుతుంది. ఆ డ్రైవరు పాదం రవ్వంత ఎత్తడంలోని మర్మం ఇదే: “ఇక బలం అక్కరలేదు” అని గేరుబాక్సుకు చెప్పడం.

మన కాలనీలోని చిన్న కార్లలో చాలావరకు వేరొక రకం. 2014లో సెలేరియోతో మన దేశానికి వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతిలో ఉన్నది మామూలు క్లచ్, మామూలు గేర్లే. కాలికీ చేతికీ బదులు యంత్రం మారుస్తుంది. మైలేజీలో ఇది మాన్యువల్‌కు దాదాపు సమానం. కాని రింగురోడ్డు ఫ్లైఓవరు ఎక్కేచోట వాహనాలు నిలిచిపోయినప్పుడు, కారు వెనక్కు జారకుండా యాక్సిలరేటరుతోనే ఆపి ఉంచేవారిని చూశాను. అది క్లచ్ పలకను కాల్చుకోవడమే. బ్రేకు తొక్కి ఉంచాలి, లేదా చేతిబ్రేకు వేయాలి.

సూరత్ రోడ్ల విశాలత్వం కూడ ఒక ప్రలోభమే. 1994లో ప్లేగు భయంతో జనం పారిపోయిన ఊరు ఇది. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావుగారు చెత్త ఎత్తించడంతో ఆగక, ఆక్రమణలు తొలగించి వీధులు వెడల్పు చేయించారు. నేటి వెడల్పాటి రోడ్డుమీద పచ్చదీపం కనబడగానే కాలు బలంగా దిగుతుంది. రెండు ఫర్లాంగులలో ఎర్రదీపం. దూరంనుండే ఎర్రదీపాన్ని చూసి పాదం తీసివేస్తే, ఆ దూరమంతా ఉచిత ప్రయాణం. ఎక్కువసేపు ఆగవలసిన కూడలిలో ఇంజను ఆపివేస్తాను. ఊరికే తిరిగే చిన్న కారు ఇంజను గంటకు అర లీటరు మొదలు లీటరు వరకు హరిస్తుంది, ఏ.సి. ఉంటే మరింత. ఆపిన ఇంజనుతో దొర్లడం మాత్రం ఎన్నడూ కూడదు. బ్రేకుకు సాయమూ ఉండదు, గేరుబాక్సుకు నూనె అందించే పంపూ తిరగదు.

ఇచ్ఛాపూర్ దాటాక హజీరా రోడ్డులో లారీలను దాటేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, గంటకు 80 కిలోమీటర్లనుండి 100కు పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇంటికి చేరడంలో కలిసివచ్చేది రెండు మూడు నిమిషాలే.

తరువాతి మూడు ట్యాంకుల సగటు లీటరుకు 13.8 వచ్చింది. మళ్లీ మార్కెట్టుకు వెళ్లినప్పుడు ఆ లెక్కల కాగితం ఆ డ్రైవరుకు చూపించాను. అతడు కాగితం వంక చూసీ చూడనట్లు చూసి, వంగి ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు.

“గాలి ఎప్పుడు కొట్టిచ్చిండ్రు సార్?”

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి కొలిపించాను. ముందు టైర్లు రెండింటిలోనూ నాలుగేసి పౌండ్లు తక్కువ ఉన్నది.